లుమ ఒడ్డున ఆఖరి పడవ

శుక్రవారం, సాయంత్రం

ఈ వారానికి సముద్రపు గడ్డి నాట్లు అయ్యాయి. నడుములోతు నీళ్లలో వంగి నాటడం వరినాట్ల కన్నా మరీ కష్టమేం కాదు. కాకపోతే వరిచేలో అలలుండవు, నాటిన మొక్కని చేపలొచ్చి కొరుక్కుపోవు.

ఈ తావొరా దీవికి సేవ చెయ్యడానికి వచ్చి చాలా నెలలైంది. సెలవు దొరికిందంటే శిబిరంలో పడి నిద్రపోవడమే తప్ప దీవిని చూసింది లేదు. రేపూ ఎల్లుండీ మాత్రం దక్షిణపు కొసనున్న లుమకి వెళ్తున్నాను. తావొరాలో అంత అందమైన బీచ్ ఇంకోటి లేదంటారు. ఈ ఆదివారంతో దాన్ని సముద్రానికి వదిలేస్తున్నారు. అలా ఒక ఒడ్డుని వదిలేసేముందు ఇక్కడివాళ్లు వీడ్కోలు పండగ చేస్తారట. అది చూడాలని ఉంది.

సంగతి తెలిసి ఓబులేశన్న కూడా సంచి సర్దుకున్నాడు. సాకే ఓబులేశుది అనంతపురం వైపు. ఊళ్లో బోర్లు వేసేవాడు, ఇక్కడ మంచినీళ్ల యంత్రాలు చూస్తాడు. సముద్రమంటే మాత్రం హడలు. ఆయన మోకాలు దాటి నీళ్లలో దిగగా శిబిరంలో ఎవరూ చూడలేదు.

"బీచ్‌కొచ్చి ఏం చేస్తావన్నా?" అనడిగాను.

"ఇసకలో కూచుంటా పాపా. ఇసకలో కూచునేదానికి ఈత రావల్నా?" అన్నాడు.

సెలవైనా సరే దినచర్యని యంత్రానికి చెప్పి తీరాలని శిబిరం నియమం. ఉమ్మిడి నూకరత్నం అనే నేను రేపట్నుంచి లుమలో కూర్చుని చెప్తాను.

శనివారం, పొద్దున

పడవ దానంతటదే రేవుకొచ్చి ఆగింది. ఇక్కడి పడవలకి సరంగులుండరు. సముద్రాన్ని కనిపెట్టుకునుండే కేంద్రం ఒకటుంది. అది పచ్చదీపం వేస్తే పడవ కదుల్తుంది, ఎర్రదీపం వేస్తే ఎవరు బతిమాలినా కదలదు. దారంతా ఓబులేశన్న పడవ మధ్యలో ఉన్న స్తంభాన్ని వాటేసుకుని, కళ్లు మూసుకుని, వాళ్ల పెద్దమ్మ గురించి ఏదో కథ చెప్తూనే ఉన్నాడు. ఆపితే భయమేస్తుందట.

లుమ అంటే నాలుకలా సాగిన ఇసుక దిబ్బ. దీవికీ దానికీ మధ్య ఒక రాతి కట్ట. పడవ మమ్మల్ని కట్టకి ఇవతలి రేవులో దింపింది, అక్కణ్ణుంచి దానిమీద నడిచి వెళ్లచ్చు. దిబ్బకి ఒక పక్క బయటి సముద్రం, రెండో పక్క పగడపు గట్టు చాటున నిలకడగా ఉండే నీళ్లు. ఆ రెండోదాన్ని నేను లోసంద్రం అనుకుంటున్నాను. ఇసుక తెల్లగా, అటుకుల పిండిలా ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. ఇలాంటి ఇసుకని ఎరుగుదుమని నా కాళ్లు అంటున్నాయి గానీ నాకు గుర్తు లేదు.

ఇన్నేళ్లూ ఈ ఒడ్డు నిలబడింది 'తాబేళ్ల' వల్ల. అవి యంత్రాలు. సముద్రం అడుగున ఇసుక మింగొచ్చి, ఒడ్డున కక్కి, మళ్లీ మెల్లగా నీళ్లలోకి పోతాయి. అలల కోతకి అవే విరుగుడు. కానీ దీవికంతటికీ ఉన్నవి కొన్నే. కట్టకి అవతల దీవి బడి ఉన్న కొండ కింద నేల కరుగుతుంటే, అక్కడ కొత్త ఒడ్డు వెయ్యడానికి వాటిని పోయిన నెల అటు తోలుకుపోయారు. అప్పట్నుంచి లుమ రోజురోజుకీ సన్నబడుతోంది.

మేం దిగింది లివెత్ అనే పెద్దావిడ ఇంట్లో. అరవై దాటుంటాయి. చేతులు మాత్రం తెడ్డు కర్రల్లా ఉన్నాయి. ఆవిడ ఏదో అనగానే నా చెవికున్న చెవిమాట, అంటే మా మాట వాళ్లకీ వాళ్ల మాట మాకూ చెప్పే యంత్రం, తెలుగులో చెప్పింది: "ఆసీనులు కండి. ఆహారము స్వీకరించెదరా?"

ఓబులేశన్న పగలబడి నవ్వాడు. ఆయన చెవిలోనూ అదే గ్రాంథికం. ఇద్దరం అక్కడే కూర్చుని చెవిమాటల్లో యాస మార్చుకున్నాం. ఆ తరవాత ఆవిడ నా చెవిలో మా కాకినాడ రేవు మనిషిలా, ఆయన చెవిలో అచ్చం అనంతపురం అవ్వలా మాట్లాడింది.

"ఏ ఒడ్డు పిల్లా మీది?" అంది నాతో. ఇక్కడ ఏ ఊరని అడగరు, ఏ ఒడ్డని అడుగుతారు.

"ఉప్పాడ మామ్మగారూ. ఇప్పుడు లేదులెండి. నా నాలుగో ఏట సముద్రం తీసేసుకుంది. మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి కాలనీలో పెట్టారు."

ఆవిడ తలూపి ఓబులేశన్న వైపు చూసింది.

"మాకు ఒడ్డు ల్యాదవ్వా. సెరువుకి కట్ట ఉండాది, సెరువులో నీళ్లు ల్యావు," అన్నాడాయన.

"అయితే నువ్వు కట్టవాడివి," అని ఆవిడ ఆయనకి రెండో చేపముక్క కూడా వడ్డించింది. నిప్పుల మీద కాల్చిన సీమపనస, కొబ్బరిపాలల్లో ఉడికిన చేప. ఓబులేశన్న ముల్లు తియ్యడం రాక అవస్థపడుతుంటే తనే ఒలిచి పెట్టింది.

శనివారం, సాయంత్రం

పండగ అంటే ఆటలూ పాటలూ అనుకున్నాను. అవీ ఉన్నాయి. కానీ అసలు పని తవ్వడం.

సముద్రంలోకి వెళ్లి తిరిగి రానివాళ్ల పడవ ఖాళీగా కొట్టుకొస్తే, లుమవాళ్లు దాన్ని ఒడ్డునే బోర్లించి ఇసుకలో పాతిపెడతారు. మనిషి దొరకడు కాబట్టి పడవే ఆ మనిషి. ఇప్పుడు ఒడ్డు పోతోంది కనక ఆ పడవలన్నిటినీ పైకి తీసి, భుజాల మీద మోసుకుంటూ రాతి కట్ట దాటించి, బడి కొండ కిందున్న కొత్త ఒడ్డుకి చేరుస్తున్నారు. మోసేటప్పుడు ఏడవకూడదట. ఆ మనిషి చేసిన తిక్క పనులు చెప్పుకుని నవ్వుకోవాలి.

ఓబులేశన్న ఒక పడవకి భుజం పట్టాడు. ఆ పడవ తాలూకు మనిషి వంట ఎంత ఘోరంగా చేసేవాడో, ఒకసారి పెళ్లివాళ్లందరికీ సముద్రపు నీళ్లతో అన్నం వండి పెట్టి ఎలా పారిపోయాడో వింటూ, నవ్వుతూ కట్టమీద నడిచాడు. రెండు పక్కలా నీళ్లున్న సంగతి అవతలికెళ్లాక గానీ ఆయనకి గుర్తురాలేదు.

అన్ని పడవలూ లేచాయి, ఒక్కటి తప్ప. లివెత్ గుమ్మం ముందు ఇసుకలో ఒక నీలం రాయి ఉంది. దాని జోలికి ఎవర్నీ రానివ్వలేదు. అది ఆవిడ కొడుకు పడవ.

పొద్దువాలుతుండగా ఆరిక్ వచ్చాడు. ఆవిడ తమ్ముడే. తాబేళ్లని నడిపేది ఆయన. వాటిని లుమ నుంచి తరలించాలని సభలో చెయ్యెత్తిందీ ఆయనే. ఆవిడ ఆయన మొహం చూడలేదు. నావైపు తిరిగి అంది:

"తాబేళ్లని తోలుకుపోయినాయనకి సెప్పు పిల్లా. నా ఇంటి ముందు పార పడితే ఊరుకునేది లేదని."

వాళ్లిద్దరిదీ ఒకే భాష. అయినా మధ్యలో నేను ఉండాల్సొచ్చింది. నేను చెప్పాను. ఆయన కూడా నాతోనే అన్నాడు.

"అక్కకి చెప్పమ్మా. బడిలో పిల్లలున్నారు, ఉన్న తాబేళ్లు అవే. నేను చెయ్యెత్తకపోతే ఇంకెవరో ఎత్తేవాళ్లు. పొరపాటు చేశానని అనను. కానీ రేపు సాయంత్రం తనని ఇక్కడ వదిలేసి మాత్రం పోను."

ఆయన వెళ్లాక నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడే మొదలెట్టింది.

"ఆడు తిరిగొత్తాడని నేననుకోటం లేదు. నాకు మతి బాగానే ఉంది. తవ్వి పడవ తీస్తే కింద గుంట కనపడతాది కదా. అది సూడలేను. అంతే."

 మా అమ్మ గురించి చెప్పాను. ఉప్పాడలో మా ఇంటి వెనక గోడ అప్పటికే అలల్లో పడిపోయింది. లారీ వచ్చి నిలబడితే, మా అమ్మ ముందు తలుపుకి తాళం వేసిందట. వెనక గోడ లేని ఇంటికి తాళం. ఎవరూ పండగ చెయ్యలేదు, పాట పాడలేదు. ఇప్పటికీ కాలనీలో ఇల్లు ఊడిస్తే చెత్తని తూర్పుకే తోస్తుంది, సముద్రం అటే ఉన్నట్టు.

లివెత్ విని చేపల గిన్నె దగ్గరికి లాక్కుంది. నా ప్లేట్లో ఇంకో చేప వేసింది.

ఆదివారం, సాయంత్రం. బడి కొండ మీద

పొద్దుట్నుంచి జరిగిందంతా ఇప్పుడు కూర్చుని చెప్తున్నాను. చేతులు బొబ్బలెక్కాయి. గొంతు కూడా సరిగా లేదు.

తెల్లారేసరికి ఆకాశం నిర్మలంగా ఉంది. గాలి లేదు. కానీ అల పెద్దదైంది. ఎక్కడో చాలా దూరాన లేచిన తుఫాను తాలూకు అల, రేపు వస్తుందన్నది ఇవాళే వచ్చేసింది. ఆ కబురు మాకు అందలేదు. సామానుతో పాటు సంకేతాల స్తంభాన్ని కూడా నిన్న రాత్రే విప్పేసి తీసుకుపోయారు. చెవిమాటలు రెండూ మూగవైపోయాయి.

ఊరివాళ్లు ఆఖరి సామాను పట్టుకుని కట్ట దాటేశారు. లివెత్ మూటలు కట్టడం ఇంకా అవలేదని నేనూ ఓబులేశన్నా ఆగాం. నిజానికి ఆవిడ ఒక్క మూటా కట్టలేదు. మేం కడితే ఆవిడ విప్పుతోంది.

అప్పుడు ఆరిక్ కట్టమీద పరుగెత్తుకొచ్చాడు. ఆయన చేతులు ఊపడం చూస్తేనే అర్థమైంది, ఇప్పుడే పోవాలని. లివెత్ గుమ్మంలో కూర్చుని కదల్లేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాడు, ఆవిడ విదిలించుకుంది. ఇంతలో బయటి సముద్రం వైపు నుంచి ఒక అల వచ్చి కట్టని ఎక్కి దిగింది. వెనకే ఇంకోటి. అది వెళ్లాక చూస్తే కట్ట మధ్యలో రాళ్లు లేవు. నీళ్లు సుడి తిరుగుతూ ఇటునుంచి అటు పోతున్నాయి.

అవతల రేవులో పడవ కనపడుతోంది. దానిమీద ఎర్రదీపం. ఒడ్డున జనం గుడ్డలు ఊపుతున్నారు గానీ ఎవరూ ఏమీ చెయ్యలేరు.

"ఇప్పుడేం పాపా?" అన్నాడు ఓబులేశన్న. 

"తెలీదన్నా."

ఇంటి వెనక పొయ్యిలోకి నీళ్లొచ్చి బుస్సుమంది. ఆరిక్ నీలం రాయి వైపు చూశాడు. నోరు తెరవలేదు, వేలు చూపించలేదు. చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు.

లివెత్ తమ్ముణ్ణి చూసింది. తరవాత నన్ను చూసింది, ఓబులేశన్నని చూసింది. ఆయన స్తంభం లేక గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ లేచి లోపలికెళ్లి పార తెచ్చింది. రాయిని కాలితో పక్కకి తోసి, మొదటి పార తనే వేసింది.

నలుగురం తవ్వాం. ఒకటే పార, మిగతావాళ్లం కుండపెంకులతో, చేతులతో. పొడి ఇసుక, తీసినంతా మళ్లీ జారిపోతోంది. ఓబులేశన్న ఒక్క క్షణం ఆగి, "అంచులు కూలతాండాయి. పలక అడ్డం పెట్టాల. ఆ తలుపు ఊడబెరుకుదాం రా పాపా," అన్నాడు. ఇద్దరం తలుపు ఊడబెరికి గుంట అంచున నిలబెట్టాం. అప్పుడు ఇసుక నిలిచింది.

పడవ వీపు కనపడింది. బూడిదరంగుకి తిరిగింది గానీ చెక్క పుచ్చలేదు. నలుగురం ఒక పక్క పట్టుకుని ఎత్తి తిప్పాం. కింద గుంట ఉంది. పడవ ఆకారంలో, చల్లగా, ఖాళీగా. లివెత్ అంచున నిలబడి దాన్ని చూసింది. తొందరగా వెళ్లాల్సుంది, అయినా మేమెవరం కదల్లేదు.

"కెలో," అందావిడ.

ఆరిక్ కూడా అన్నాడు, "కెలో."

అది కొడుకు పేరని చెప్పడానికి చెవిమాట అక్కర్లేకపోయింది.

పగుళ్లలో కొబ్బరిపీచు కూరి, ఆవిడ వంటింట్లో ఉన్న సీమపనస జిగురు పులిమాం. లోసంద్రం వైపు నుంచి పడవని నీళ్లలోకి తోశాం. మామూలుగా అటు నీళ్లు అద్దంలా ఉంటాయి. ఇవాళ పగడపు గట్టు మీంచి కూడా అల దూకుతోంది. అక్కా తమ్ముడూ ఇంట్లోంచి తెచ్చిన చెరో తెడ్డు పట్టారు. నాకూ ఓబులేశన్నకీ నీళ్లు తోడే పని. ఆయన నడుములోతు నీళ్లలో నడిచొచ్చి ఎక్కాడు. పళ్లు కటకటలాడుతున్నాయి.

"నీళ్లు ల్యాక బతికినోణ్ణి పాపా. నీళ్లల్లో పోతే మా ఊరోళ్లు నమ్మరు," అన్నాడు. ఆ తరవాత అవతలి ఒడ్డు దాకా ఇంకో మాట లేదు. లివెత్ అన్నం వండే గిన్నెతో తోడి పోస్తూనే ఉన్నాడు.

జిగురు అన్నిచోట్లా ఆగలేదు. మేం తోడినన్ని నీళ్లూ మళ్లీ వస్తున్నాయి. సగం దూరంలో దిబ్బ మీంచే ఒక అల పొర్లి వచ్చి పడవని అడ్డంగా తిప్పేసింది. నేను పక్కకి పడ్డాను. ఆరిక్ చేతిలో తెడ్డు జారింది. అది కొట్టుకుపోకుండా నేను పడినచోటినుంచే పట్టుకున్నాను. లివెత్ తమ్ముడి మీద ఒక్క కేక పెట్టింది. ఆయన తిరిగి అరిచాడు. అలా ఇద్దరూ తిట్టుకుంటూ, ఆ తిట్ల మీదే తెడ్లు కలిపి వేస్తూ పడవ ముక్కుని మళ్లీ కొండవైపు తిప్పారు. ఏం తిట్టుకున్నారో నాకు తెలీదు. మధ్యలో నా అవసరం మాత్రం పడలేదు.

కొండ కింద జనం మెడలోతు దాకా నీళ్లలోకి వచ్చి నిలబడ్డారు. ఎవరెవరివో చేతులు పడవని పట్టుకున్నాయి. దిగాక కూడా ఓబులేశన్న గిన్నె వదల్లేదు. ఒకామె మెల్లగా వేళ్లు విడదీసి తీసుకుంది. అప్పుడు ఇసుకలో కూర్చుని ఏడ్చాడు, తరవాత నవ్వాడు.

సోమవారం, పొద్దున

కొండమీంచి చూస్తే లుమ లేదు. అది ఉన్నచోట తెల్లటి నురగ గీత ఉంది. జనం వచ్చి కాసేపు చూసి, చిన్నగా చెయ్యూపి, పనుల్లోకి వెళ్లిపోతున్నారు.

ఇక్కడ చెవిమాట పలుకుతోంది. పాత పడవలన్నీ కొత్త ఒడ్డున వరసగా పాతుతున్నారు. కెలో పడవని ఎక్కడ పాతాలని ఆరిక్ అక్కని అడిగాడు, నేరుగానే.

"పాతేదేటి? ముందు ఆ సిల్లులు పూడ్చు," అందావిడ. "బుధవారం ఏటకెల్తాను."

"ఒక్కదానివేనా?"

"నువ్వొత్తానంటే ఒద్దన్నానా?"

ఆయన పీచూ జిగురూ తెచ్చుకుని పడవ పక్కన కూలబడ్డాడు. ఆవిడ పక్కనే నిలబడి ఎక్కడెక్కడ సరిగా పులమలేదో చూపిస్తోంది. మధ్యలో కెలో చిన్నప్పుడు ఒక తాబేలు యంత్రమెక్కి సముద్రంలోకి పోబోయిన సంగతి చెప్పింది. ఇద్దరూ నవ్వారు. ఆవిడ చాలాసేపు నవ్వి, కొంగు లాంటిదాంతో మొహం తుడుచుకుంది.

నేను మా అమ్మకి ఫోన్ చేశాను. జరిగింది కొంచెం తగ్గించే చెప్పాను. ఆ తరవాత అడిగాను.

"అమ్మా, ఉప్పాడలో మనిల్లు ఎక్కడుండేదో నీకు గుర్తుందా?"

"గుర్తులేకపోటానికేటే? కళ్లు మూసుకుని ఎల్తాను."

"నేనొచ్చాక ఒక పడవ మాట్లాడుకుని ఎల్దాం. ఆ పైన కాసేపు ఆగి వద్దాం."

 తిట్టబోతోందేమో అనుకున్నాను.

"మనమొక్కళ్లమే ఏటి," అంది. "సందులో అందర్నీ అడుగుతాను. ఆళ్లకీ సూడాలని ఉండుంటాది."

శిబిరం పెద్ద జెబాన్ మమ్మల్ని తీసుకెళ్లడానికి తనే వచ్చాడు. ఎర్రదీపం ఉండగా సముద్రంలో దిగినందుకు చెడామడా తిట్టి, తిట్టడం అయ్యాక ఇద్దర్నీ గట్టిగా పట్టుకున్నాడు. ఆదివారం దినచర్యలో అంతా ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. నిన్న సాయంత్రమే చెప్పేశానన్నాను.

దిగి వస్తుంటే కొత్త ఒడ్డున తాబేళ్లు ఒక్కొక్కటే నీళ్లలోంచి పైకొస్తున్నాయి. అవి పోసిన ఇసుక ఇంకా తడి, ఇంకా గోధుమరంగు. ఎండకి తెల్లబడ్డానికి కొన్నేళ్లు పడుతుందట. దానిమీద బడి పిల్లలు అప్పుడే హద్దులు గీసి ఆట మొదలెట్టారు. పెద్దవాళ్లు ఒక పక్కన గుంపుగా నిలబడి వాదించుకుంటున్నారు. ఈ ఒడ్డుకి పేరు పెట్టాలి. లుమ అనే పెడదామని కొందరు. అలా పెడితే పోయిన ఒడ్డుని మర్చిపోయినట్టవుతుందని కొందరు. లివెత్ రెండు వైపుల మాటల్లోనూ తప్పులు వెతుకుతోంది. ఓబులేశన్న కూడా మధ్యలో దూరి ఏదో సలహా ఇస్తున్నాడు. ఏం పేరు చెప్పాడో, అందరూ నవ్వారు.

దినచర్య ముగించేముందు యంత్రం ఎప్పటిలాగే అడిగింది, సెలవులు గడిపిన ప్రాంతం పేరు చెప్పమని.

ఇంకా పెట్టలేదని చెప్పాను. వచ్చే పున్నమికి పెడతారు. నన్ను కూడా రమ్మన్నారు.